అవ్వ మోకాలు, నేను చేసిన జెల్లు

డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు ఎత్తి పట్టి, రెండు ఎముకల మధ్య ఉండాల్సిన సందు ఎక్కడ మాయమైందో పెన్నుతో చూపించాడు. గుజ్జు పూర్తిగా అరిగిపోయిందని, ఎముకా ఎముకా రాసుకుంటున్నాయని, మాత్రలతో ఇక లాభం లేదని, మోకాలి చిప్ప మార్చాల్సిందేనని చెప్పాడు. అవ్వ, అంటే మా అమ్మ, అంతా శ్రద్ధగా విన్నది. విని, కొంగు సర్దుకుని, నచ్చని పెళ్లి సంబంధాన్ని తిప్పిపంపినంత మర్యాదగా వద్దన్నది.

"ఇనుప చిప్ప నాకొద్దు సారూ. మా బిడ్డ కాలేజిల మెత్తటిది తయారు జేస్తున్నది. గది అయినంక గదే పెట్టిచ్చుకుంట."

డాక్టరు నా వైపు చూశాడు. నేను సిద్దిపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మిగిలిన టైములో, మిగిలితే, పీహెచ్‌డీ కోసం ఒక జెల్లు చేస్తుంటాను. అది ఇంకా బల్ల మీదున్న సరుకే సార్, మనుషుల్లో పెట్టేది కాదు అని గొణిగాను. "ఆ ముక్క మీ అమ్మగారికి చెప్పండి" అన్నాడాయన. నేను చెప్పలేదనుకున్నాడు పాపం. చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. అవ్వ తనకు కావాల్సిన ముక్క ఏరుకుని మిగతాది వదిలేసింది.

ఇదంతా ఒక పేపరు వార్తతో మొదలైంది. జిల్లా పేజీకి రాసే విలేకరి ఒకాయన మా కాలేజీ సైన్సు దినోత్సవానికి వచ్చి నా బల్ల దగ్గర ఆగాడు. నేను జెల్లు ముక్కను లాగి చూపించాను. ఇది ఎందుకు పనికొస్తుంది మేడం అన్నాడు. ఇలాంటివి ఎప్పటికైనా మోకాలి గుజ్జు స్థానంలో పెట్టవచ్చని, కాలిన చోట చర్మంతో పాటు సాగే పట్టీలుగా వాడవచ్చని, మెత్తటి రోబో చేతులకు వేళ్లుగా చేయవచ్చని ప్రపంచమంతా పని చేస్తున్నారని చెప్పాను. మర్నాడు పేపర్లో ప్రపంచం ఎగిరిపోయింది, ఎప్పటికైనా అన్న మాట కూడా ఎగిరిపోయింది. స్థానిక అధ్యాపకురాలు మోకాళ్లకు కొత్త గుజ్జు తయారు చేసిందని వచ్చింది. ఎదురింటి పిల్ల దాన్ని గట్టిగా చదివి వినిపించింది. ఆ సాయంత్రానికల్లా మా వాడకట్టులో నా జెల్లుకు గిరాకీ పుట్టింది. ఒకామెకు రెండు మోకాళ్లకూ కావాలట, ఇంకొకామె తనకొకటి, అత్తకొకటి చెప్పింది. అత్తది తొందరేం లేదట.

చేసే పని చెప్పుకుంటే చిన్నదే. ఒక పొడి సముద్రపు నాచు నుంచి తీసినది, నీళ్లలో కలిపితే గంజిలా చిక్కబడుతుంది. ఇంకొక పొడి విషం, తొడుగు లేని చేత్తో ముట్టకూడదు. అది గొలుసులు గొలుసులుగా అల్లుకునేది. రెండూ కలిపి, బుడగలు లేకుండా గాలి లాగేసి, కాస్త జిప్సం చేర్చి, రెండు అద్దాల మధ్య పోసి కదపకుండా ఉంచాలి. గట్టిపడ్డాక పై అద్దం తీస్తే నీళ్లంత తేటగా ఒక పలక లేచి వస్తుంది. ముప్పాతిక మూడొంతులకు పైగా అది నీళ్లే. నానిన సబ్జా గింజ చుట్టూ ఉండే జిగురు కూడా ఈ జాతిదే. కానీ సబ్జా జిగురు వేలు తగిలితే జారిపోతుంది, ఇది చేతులు చాపినంత మేర సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. అంచున కత్తెరతో గాటు పెట్టి లాగినా చిరగదు, గాటు నోరు తెరుచుకుని అక్కడే ఆగుతుంది.

కారణం లోపల ఉన్న రెండు వలలు. ఒకటి సాగుతుంది, తెగదు. రెండోది నాచు వల. దాన్ని జిప్సంలోని కాల్షియం ముడులు వేసి పట్టుకుంటుంది. లాగినప్పుడు ఆ ముడులు ఒక్కొక్కటిగా విడిపోతూ, లాగిన బలాన్ని తాము మింగేస్తాయి. చిన్న ముడులు విడిపోతాయి కాబట్టి పెద్ద వల నిలబడుతుంది. మొదటిసారి దీన్ని చదివినప్పుడు ఎంత బాగుందో అనుకున్నాను. అప్పుడు నాకు ఓపిక ఉండేది.

ఓపిక ఎక్కడ పోయిందో చెప్పడం కష్టం కాదు. పొద్దుటి నుంచి క్లాసులు, ప్రాక్టికల్సు, పరీక్షల డ్యూటీలు. ఎండాకాలం వస్తే అడ్మిషన్ల తిరుగుడు. కొండపాక, బెజ్జంకి, ఇబ్రహీంపూర్ దిక్కు ఊళ్లలో ఇంటింటికీ పోయి, మీ పాపను మా కాలేజీలో చేర్పించండి అని బతిమాలాలి. చెప్పులు తెగుతాయి గానీ సీట్లు నిండవు. శనివారం బస్సెక్కి హైదరాబాదులో గైడు సారును కలవాలి. ల్యాబు మేడ మీద, రేకుల కింద. ఆ వేడికి మిశ్రమం కలుపుతుండగానే గడ్డకట్టి కూర్చుంటుంది. జ్యూసు సెంటరు నుంచి ఐసు తెచ్చి గిన్నె చుట్టూ పేరిస్తే, అప్పుడు కరెంటు పోతుంది, గాలి లాగే పంపు ఆగుతుంది, బుడగలు అలాగే ఉండిపోతాయి. ఉన్న బుడగ దగ్గరే ముక్క తెగుతుంది. అప్పుడు మళ్లీ మొదటి నుంచి. ఇంట్లో నేను, అవ్వ ఇద్దరమే. నా పెళ్లి సంగతి వేరే కథ, దాని అవసరం ఇక్కడ లేదు.

అవ్వ బీడీలు చుట్టి నన్ను చదివించింది. ఇప్పుడు చుట్టాల్సిన అవసరం లేదు, అయినా చుడుతుంది. పొద్దున తునికాకు నానబెట్టి, తడి గోనెగుడ్డలో చుట్టి పెడుతుంది, లేకపోతే ఆకు ఎండి పెళపెళమంటుంది. మధ్యాహ్నం వాడకట్టు ఆడవాళ్లు నలుగురైదుగురు చేటలు పట్టుకుని మా వాకిట్లోకి వస్తారు. కాళ్లు మడిచి, ఒళ్లో చేట పెట్టుకుని, గుండ్రంగా కూర్చుంటారు. చేతుల పని చేతులదే, నోటి పని నోటిదే. ఊళ్లో ఏ కోడలు ఏ అత్తను ఏమన్నదో అక్కడ తేలుతుంది. పెళ్లిళ్లు కుదిరేదీ, చెడిపోయేదీ చాలావరకు అక్కడే.

మోకాలు మార్చాక కింద కూర్చోకూడదని డాక్టరు చెప్పాడు. అవ్వకు ఆపరేషన్ భయం కాదు, ఇనుమూ భయం కాదు. ఆ ఒక్క మాట దగ్గర ఆమె ఆగిపోయింది.

"కుర్చీల కూసొని చుట్టొచ్చు గదనే" అన్నాను.

"కుర్చీలకెళ్లి చూస్తె గీళ్ల నెత్తిల పేలు కనవడ్తయి గని నవ్వు కనవడదు. నేనేమన్న పంచాయితి జెప్పనీకి కూసున్ననా గాడ? మెత్తటిదైతె కాలు మడుసుకోవచ్చు. నీదే కానియ్, ఆగుత."

ఆగడం అంటే ఏమిటో నేను రోజూ చూస్తున్నాను. లేవాలంటే గోడ పట్టుకోవాలి, గోడ అందకపోతే నన్ను పిలవాలి. బాత్రూముకు పోయి వచ్చాక కాసేపు మాట్లాడదు. నొప్పి మందు పూసి, గుడ్డ కట్టుకుని, మళ్లీ చేట ముందు కూర్చుంటుంది. నేను కోపంగా చూస్తే ఆకు కత్తిరించుకుంటూ తల దించుకుంటుంది.

ఆ ఏడు దసరా సెలవుల ముందు నాకు ఒక మంచి బ్యాచి కుదిరింది. ఒక్క బుడగ లేదు. పలకను సన్నటి పట్టీలుగా కోశాను. హైదరాబాదులో లాగి కొలిచే యంత్రం ఉంది, అది మాది కాదు, వేరే డిపార్టుమెంటుది. గైడు సారు వాళ్లనూ వీళ్లనూ అడిగి సోమవారం పొద్దున నాకు టైము ఇప్పించాడు. కాలేజీకి తాళం పడుతుంది కాబట్టి పట్టీలను ప్లాస్టిక్ కాగితంలో గాలి తగలకుండా చుట్టి ఇంటికి తెచ్చి, అలమారలో పెట్టాను. ఇవి ఎండిపోతే పనికిరావే అవ్వా అని ఒక మాట కూడా అన్నాను, ఎవరూ ముట్టుకోకూడదని.

ఆదివారం సాయంత్రం తీసి చూద్దును కదా, అలమారలో లేవు. అవ్వ నవ్వుతూ ఆకుల మూట తెచ్చి ముందు పెట్టింది. తడి గోనెగుడ్డలో, తునికాకుల మధ్య, నా పట్టీలు ఒద్దికగా పడుకుని ఉన్నాయి.

"పలాస్టిక్ కయితంల ఎండిపోతయని గీండ్ల వెట్టిన. ఆకు ఎన్ని దినాలైన మెత్తగుంటది గీండ్ల."

ఆకుకు అది మంచిదే. నా జెల్లు మాత్రం దొరికిన నీళ్లన్నీ తాగేసింది. వేలంత వెడల్పున్న పట్టీలు బొటనవేలంత లావై, ఆకురసం రంగు పట్టి, గోధుమరంగులో ఉబ్బి ఉన్నాయి. ఒకటి తీసి లాగాను. నీళ్లు ఎక్కువైతే లోపలి వలలు పలచబడతాయి, బలం పోతుంది. పట్టీ చప్పుడు లేకుండా రెండు ముక్కలైంది.

నేను అరిచాను. ఏమేమి అన్నానో అంతా గుర్తులేదు. సోమవారం టైము పోయిందని, మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదని, నీ మోకాలు, నీ ఆకులు, నీ చేట అని ఏదేదో అన్నాను. చివరికి అరిచే ఓపిక అయిపోయి, కూర్చుని, మామూలు గొంతుతో చెప్పాను. అదే అవ్వను ఎక్కువ భయపెట్టిందని ఇప్పుడు అనుకుంటాను.

"యాష్టకొచ్చిందే అవ్వా. ఇగ నాతోని గాదు. సోమవారం సారుకు ఫోన్ జేసి ఇడిసిపెడ్తున్న అని చెప్త. ఎవలకోసం జేస్తున్న నేనిది? ఎవలు అడిగిన్రు నన్ను?"

అవ్వ ఆకుల మూటను పక్కకు జరిపింది. తర్వాత కాలు చాపుకుని, రెండు చేతులతో మోకాలు పట్టుకుంది.

"మరి నా మోకాలు?" అన్నది.

నాకు ఒళ్లు మండింది. ఇంత చెప్పాక కూడా ఇదేనా అనిపించింది. కానీ సోమవారం ఫోను చేసినప్పుడు విడిచిపెడుతున్నానని అనలేకపోయాను. ముక్కలు పాడయ్యాయి సార్, మళ్లీ చేస్తాను అన్నాను. ఆయన సరేనన్నాడు, ఆయనకూ అలవాటే.

ఆ రోజు నుంచి అవ్వ ఇంకా మొండికెత్తింది. అంతకుముందు ఆపరేషన్ మాటెత్తితే చూద్దాంలే అనేది, ఇప్పుడు ఖచ్చితంగా నాదే కావాలంటోంది. నేను పొద్దున లేవలేక దొర్లుతుంటే, "లే బిడ్డా, నా మోకాలు ఎంతదాన్క వచ్చింది?" అని గుమ్మంలో నిలబడేది. ఆదివారం పడుకుందామనుకుంటే అదే అడిగేది. అప్పులవాడు కూడా ఆదివారం వదిలేస్తాడు. విసుక్కుంటూనే స్నానం చేసి ల్యాబుకు పోయేదాన్ని. అలా ఇంకొక దసరా వెళ్లింది, పట్టీలు కొత్తగా పోశాను, యంత్రం మీద కొన్ని నిలిచాయి, కొన్ని తెగాయి. ఆలోపు అవ్వ కాలు మోకాలి దగ్గర బయటికి వంకరపోయింది. నడుస్తుంటే చీర కింద కూడా కనిపించేది. డాక్టరు మళ్లీ ఫిల్ము చూసి, ఈ వంకర ఇంకా పెరిగితే ఆపరేషన్ కూడా కష్టమవుతుందని, అప్పుడు మంచానికే పరిమితం కావచ్చని నాకు విడిగా చెప్పాడు.

మాటలతో కాదని తేలిపోయింది. ఎండాకాలం సెలవుల్లో, పిల్లలెవరూ లేనప్పుడు, అవ్వను ఆటోలో కాలేజీకి తీసుకుపోయాను. మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగి, ఊపిరి తీసుకుని ఎక్కింది. నేను కింది నుంచి నడుం పట్టుకున్నాను. ల్యాబులో స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. ఇన్నేళ్లలో ఆమె ఆ గదిలోకి రావడం అదే మొదలు. బీకర్ల వంక, గోడ మీది మూలకాల పటం వంక, గుడిలో చూసినట్టు చూసింది.

కొత్త పట్టీ ఒకటి స్టాండుకు బిగించి, కింద తూకపు రాయి వేలాడదీశాను. పట్టీ సాగి సాగి ఒకచోట ఆగింది.

"అబ్బ, ఎంత సాగుతున్నదే!" అవ్వ ముఖం వెలిగింది.

రాయి తీశాను, పట్టీ వెనక్కి వచ్చింది, పూర్తిగా కాదు, దాదాపుగా. మళ్లీ అదే రాయి వేశాను. ఈసారి చాలా కిందికి పోయింది. దాదాపు బల్లకు తగిలింది.

"ఏమైందే దానికి?"

"అలసిపోయింది అవ్వా. మేం గట్లనే అంటం. ఒక్కపారి లాగంగనే లోపటి ముడులు ఇడిపోయినయి. అవి మళ్ల పడాలంటె దీన్ని వేడిల ఒక దినమంత పండవెట్టాలె. అప్పుడు సుత అన్ని పడయి. నీ మోకాలు దినానికి ఎన్నిపార్లు వంగుతది? దానికి దినమంత సెలవు ఎవరిస్తరు? ఇది కావాలంటె నా అసోంటోళ్లు ఇంక మస్తుమంది, మస్తేండ్లు చెయ్యాలె. నీకు అందదే ఇది."

అవ్వ పట్టీని స్టాండు నుంచి విప్పమన్నది. విప్పి చేతికిచ్చాను. వేళ్ల మధ్య చాలాసేపు పట్టుకుంది, ఆకు మెత్తదనం చూసినట్టు రెండు మూడుసార్లు వంచి చూసింది. "పాపం, గిదానికి సుత అలుపేనా" అన్నది. తర్వాత నా చేతిలో పెట్టి, "రేపు దవాఖానకు పోదాం పా. ఇనుముదే పెట్టియ్" అన్నది.

నేను గెలిచాను కదా, సంతోషం కలగాలి. ఏడుపొచ్చింది. అవ్వకు కనిపించకుండా సింకు దగ్గరికి పోయి బీకరు కడిగాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. కాలు తిన్నగా అయింది. వాకరు పట్టుకుని నడిచింది, తర్వాత కర్ర, తర్వాత ఏమీ లేకుండా. వాకిట్లో ఆమె కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ వెలిసింది. ఆడవాళ్లు ఎప్పటిలాగే కింద గుండ్రంగా కూర్చుంటున్నారు, ఆమె ఒళ్లో చేట పెట్టుకుని పైన కూర్చుంటోంది. ముందటి కంటే తక్కువ మాట్లాడుతుంది. నవ్వు వినిపిస్తే కొంచెం ముందుకు వంగి, ఏందే, ఏందే అని అడుగుతుంది. నేను ల్యాబుకు పోవడం దాదాపు మానేశాను. పొద్దున నా గుమ్మంలో నిలబడి అడిగేవాళ్లు లేరు. గైడు సారు ఫోను చేస్తే, ఈ నెల పరీక్షలు సార్ అనేదాన్ని. పరీక్షలు నిజమే. వాటి వెనక దాక్కోవడమూ నిజమే.

ఒకరోజు మధ్యాహ్నం క్లాసులు లేక తొందరగా ఇంటికొచ్చాను. ప్రహరీ బయట చెప్పులు విడుస్తుంటే లోపలి మాటలు వినబడ్డాయి. మాట్లాడుతున్నది చిన్నమ్మ, అవ్వకు వరసకు చెల్లెలు, చిన్నప్పటి నుంచి పక్కపక్కన కూర్చుని బీడీలు చుట్టినామె. షుగరు వల్ల ఆమె మడమ మీద ఒక పుండు నెలల తరబడి మానడం లేదు.

"నీ బిడ్డ జేసిన గుజ్జు ఏమాయెనే అక్కా? ఇనుముదే పెట్టిచ్చుకుంటివి."

"గది మోకాలుకు కాదే. పుండ్లకు పట్టి జేస్తదట. తడి తడిగుంటదట, నడిసినా సాగుతది గని ఊడదట. నీ మడిమెకు గసోంటిదే గావాలె. నేను జెప్తతియ్ దానికి."

"ఎప్పుడైతది?"

"అయినప్పుడైతది. అయ్యేదాన్క నువ్వు దవాఖాన ఇడ్వకు, గోలీలు బంద్ వెట్టకు. నా లెక్క ఆగకు."

"మరి నువ్వెందుకు ఆగినవ్? కాలు గంత వంకరవోయేదాన్క?"

అవ్వ కత్తెర పక్కన పెట్టిన చప్పుడైంది.

"మోకాలు తయారు గాదని నాకెరుకలేదానే? డాక్టరు జెప్పె, నా బిడ్డ దినాం జెప్పె. మొదలు కింద కూసోవాలెనని ఆగిన, నిజమే. తర్వాత బిడ్డ గీ పని మొత్తమే ఇడిసిపెడ్తనన్నది. యాష్టకొచ్చి ఉన్నది పిల్ల. నన్నెవలు అడిగిన్రు అన్నది. ఇంట్ల ఒక్కరన్న ఎదురుచూస్తున్నరంటె లేసి పోతది గదా అని. నేను ఇనుముది పెట్టిచ్చుకుంటె దానికి పోనీకి ఏముంటది? చూస్తలేవా ఇప్పుడు, పోతలేదు."

నేను ఒక చెప్పు విడిచి, ఒక చెప్పుతో నిలబడిపోయాను. ఆ వంకర కాలు, గోడ పట్టుకుని లేవడం, బాత్రూము నుంచి వచ్చి మాట్లాడకుండా కూర్చోవడం అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. అదంతా ఆమె మొండితనమని నేను విసుక్కున్నాను. అది నా కోసం. నా పని నిలబడాలని ఆమె తన కాలును వంగనిచ్చింది. కోపమొచ్చింది, ఎవరు చెయ్యమన్నారు నిన్ను అని అడగాలనిపించింది. ఆమె పాదాలు పట్టుకోవాలని కూడా అనిపించింది. రెండిటికీ నా దగ్గర బలం లేదు.

రెండో చెప్పు కూడా విడిచి లోపలికి పోయాను. నన్ను చూసి ఇద్దరూ చేటల మీదికి వంగారు. నేనేమీ వినలేదన్నట్టు కిందనే, అవ్వ ఇదివరకు కూర్చునే చోట, కాళ్లు మడుచుకుని కూర్చున్నాను. చేటలో నుంచి బీడీలు కట్టే దారం కొంత తెంపాను.

"కాలు చాపు చిన్నమ్మా. ఇప్పుడే అయితదని కాదు. కొలత తీస్కుంట" అన్నాను.

చిన్నమ్మ సిగ్గుపడుతూ కట్టు ఉన్న కాలు చాపింది. కట్టు తగలకుండా మడమ చుట్టూ దారం తిప్పాను. కుర్చీలో నుంచి అవ్వ ముందుకు వంగి చూస్తున్నది.

"జర వదులుగ కొలువు బిడ్డా" అన్నది. "పొద్దూకితే దాని కాలు వాస్తది."

వదులుగానే కొలిచాను.